రికార్డుల పనిలో పదకొండేళ్లు.. ఇప్పుడు డేటా సైన్స్‌కి మారాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 34 ఏళ్లు, బీఎస్సీ కెమిస్ట్రీ. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో 11 ఏళ్లుగా ఎలక్ట్రానిక్ రికార్డుల విభాగంలో ఉన్నాడు. ఫైళ్లు ఎక్కించే పని, ఎదుగూబొదుగూ లేదు. మా తోడల్లుడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు. మావాడిని ఉద్యోగం మాన్పించి అమీర్‌పేటలో డేటా సైన్స్ నేర్పిద్దామనుకుంటున్నాం. ఫీజు లక్షన్నర అంటున్నారు. అది మేలా, ఉన్న రంగంలోనే ఇంకో దారి ఉందా? పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, సంగారెడ్డి

జవాబు: 34 ఏళ్ల మనిషి గురించి ‘మాన్పించి’, ‘నేర్పిద్దాం’ అని రాశారు. అతను ఏమనుకుంటున్నాడో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఇలాంటివి నాకు తరచూ వస్తుంటాయి. కోర్సు పేరు మారుతుంది, తోడల్లుడి కొడుకు మాత్రం ఉంటాడు.

ఫైళ్లు ఎక్కించే పని అన్నారు. ల్యాబ్‌లో అనలిస్టు 50.2 అని ఎక్కించిన అంకెను తర్వాత 50.1గా దిద్దాడనుకోండి. పాత అంకె చెరిగిపోకూడదు. ఎవరు, ఎప్పుడు మార్చారో సిస్టమ్‌లో నిలిచి ఉండాలి. ఎందుకు మార్చారో కూడా రాయిస్తారు. ఇదే ఆడిట్ ట్రైల్. అమెరికాకు మందులు పంపే కంపెనీ రికార్డులు కంప్యూటర్లో ఉంచితే, 1997 నాటి ‘పార్ట్ 11’ నిబంధనలు పాటించాల్సిందే. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కూర్చుని మూడేళ్ల కిందటి బ్యాచ్ రికార్డు అడిగితే తీసి చూపించేది మీ అబ్బాయి లాంటివాళ్లే. ఇంట్లో మాత్రం అది ఫైళ్లు ఎక్కించడం!

డేటా సైన్స్ మీద నాకున్న అనుమానం దాచను. నాలుగైదు నెలల్లో పైథాన్, కొంచెం స్టాటిస్టిక్స్, రెండు ప్రాజెక్టులు చేయిస్తారు. ఆ ప్రాజెక్టులే క్లాసులో అందరి రెజ్యూమెల్లోనూ ఉంటాయి. మీవాడు 22 ఏళ్ల బీటెక్ పిల్లల పక్కన ఫ్రెషర్‌గా నిలబడాలి. పైగా డేటా శుభ్రం చేయడం, చార్టులు గీయడం లాంటి మొదటి మెట్టు పనుల్లో చాలా భాగం ఇప్పుడు ఏఐతోనే అయిపోతోంది. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న బోర్డు కింద షరతులు అడిగి చూడండి. అతను ఇప్పటికే సరదాకి కోడింగ్ చేస్తుంటే వేరే సంగతి. మీరు అలా రాయలేదు.

పక్క దారులు ఉన్నాయి. నా ఓటు కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్‌కి. కొత్త సాఫ్ట్‌వేర్ అనుకున్నట్టే పనిచేస్తోందని పరీక్షించి, రుజువులు రాసిపెట్టే పని ఇది. ఈ పనికి మార్గదర్శి పుస్తకమైన గ్యాంప్ 5 రెండో ఎడిషన్ (2022) చదవడం మొదలుపెడితే సగం మాటలు అతనికి తెలిసినవే తగులుతాయి. క్యూఏలో (నాణ్యత చూసే విభాగం) రికార్డులు నమ్మదగ్గవేనా అని చూసే డేటా ఇంటెగ్రిటీ రివ్యూ, క్లినికల్ ట్రయల్స్ రికార్డులు చూసే ఈటీఎంఎఫ్ ఉద్యోగాలు కూడా దగ్గరివే. 2023 డేటా రక్షణ చట్టం వచ్చాక ఏ సమాచారం ఎన్నాళ్లు ఉంచాలి, ఎప్పుడు తీసేయాలన్న లెక్క తెలిసినవాళ్ల అవసరం ఉంటుంది. కాకపోతే అక్కడ లాయర్లతో, సెక్యూరిటీవాళ్లతో పోటీ పడాలి.

ఉద్యోగం మానొద్దు. డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్‌ని సాయంత్రాలు రెండు నెలలు నేర్చుకోమనండి. కంపెనీలో ఈసారి సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ వచ్చినప్పుడు టీమ్‌లో వేయమని మేనేజర్‌ని అడగమనండి. తను రాసిన ఎస్‌ఓపీలు (పని ఎలా చేయాలో చెప్పే పత్రాలు), ఎదుర్కొన్న ఆడిట్‌లు ఒక కాగితం మీద పెట్టమనండి. పదకొండేళ్లకి ఆ కాగితం చిన్నదేమీ కాదు, కంగారు పడకండి.

ఫీజు అడ్వాన్సు ఇంకా కట్టలేదు కదా? కట్టకండి. ఈసారి ఉత్తరం అతన్నే రాయమనండి.