పరుపు మీద ఉచ్చ వాసన: సగం తప్పు పిల్లాడిది కాదు, బకెట్ నీళ్ళది

అడిగిన ప్రశ్న ఇది: "మా మూడేళ్ళ బాబు పరుపు తడుపుతున్నాడు. సర్ఫు నీళ్ళతో రుద్ది మిద్దె మీద ఎండేశాను. మరక పోయింది, వాసన పోలేదు. ముసురు పట్టిన రోజు ఇంకా ఎక్కువ వస్తుంది. ఫోమ్ పరుపు, కొని ఏడాది కూడా కాలేదు. కర్నూలులో ఉంటాము. పారేయాల్సిందేనా?"

ఇప్పుడే పారేయొద్దక్కా. ముందు పరుపు గలీబు జిప్పు తీసి, ఫోమ్‌ను తిరగేసి, మరక ఉన్నచోటికి సరిగ్గా అడుగున ముక్కు పెట్టి చూడండి. పైన వాసన ఉండి అడుగున లేకపోతే ఇంట్లోనే పోతుంది. అడుగున కూడా ఉంటే దారి వేరే. అది చివర్లో చెప్తాను.

ఉచ్చలో ఉన్న యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. ముక్కులో పొడిచినట్టుండే ఘాటు అదే. అది గాలికి పోతుంది. మిగిలేది యూరిక్ ఆమ్లం. ఎండేకొద్దీ సన్నని పలుకుల్లా ఫోమ్ కన్నాల్లో అతుక్కుంటుంది, నీళ్ళలో సరిగ్గా కరగదు. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా మళ్ళీ వాసన లేస్తుంది. మే నెలలో లేని కంపు జూలైలో రావడానికి కారణం ఇదే. మీరు పోసిన సర్ఫు నీళ్ళు పైన మరకను తీసేశాయి, కింద ఉన్నదాన్ని ఇంకో రెండు అంగుళాలు లోపలికి తోశాయి.

కడపలో విప్పి చూసిన ఒక పరుపు సంగతి వింటే బాగా అర్థమవుతుంది. ఆరంగుళాల ఫోమ్, కింద ప్లైవుడ్ పలక కొట్టిన పెట్టె మంచం. పసిపిల్ల ఒకసారి తడిపింది. మరక అన్నం ప్లేటంత కూడా లేదు. ఇంట్లోవాళ్ళు శుభ్రత మనుషులు. బకెట్ నీళ్ళలో గుప్పెడు సర్ఫు కలిపి, బట్టలుతికే బ్రష్షుతో రుద్ది, ఇంకో బకెట్ కుమ్మరించి, ఒకరోజు ఎండలో పెట్టి, పైన చేత్తో తడిమి ఆరిందనుకొని మంచం మీద వేసేశారు. వారం తిరక్కముందే మురుగు కాలువ వాసన. దాని మీద ఫినాయిల్ చల్లారు, తర్వాత అత్తరు, తర్వాత నాఫ్తలీన్ ఉండలు. జిప్పు తీస్తే పైన రెండంగుళాలు పొడి, తెలుపు. మధ్యలో పచ్చగా చెమ్మ. అడుగున జానెడు వెడల్పున నల్లటి బూజు, దాని అచ్చు ప్లైవుడ్ మీద కూడా. పిల్ల తడిపింది మహా అంటే గ్లాసెడు. పరుపును పాడు చేసింది రెండు బకెట్ల నీళ్ళు. ఆరంగుళాల ఫోమ్ నడిమధ్య తడిస్తే పిండడానికి వీలుండదు. గాలి తగలదు కాబట్టి ఆరదు.

నాఫ్తలీన్ ఉండల గురించి గట్టిగానే చెప్తాను. పసిపిల్లలు పడుకునే చోట వాటిని పెట్టకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న శిశువుల్లో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉందని చాలా ఇళ్ళలో ముందు తెలియనే తెలియదు. బ్లీచింగ్ పౌడర్ కూడా వద్దు. ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరికి హాని చేసే వాయువు పుడుతుంది. ఫినాయిల్ వాసనను కప్పుతుందే గానీ తీయదు, పైగా పిల్లల చర్మం మండుతుంది.

ఇప్పుడు మీ పరుపుకు వద్దాం. పొద్దున ఎనిమిదింటికల్లా మొదలుపెట్టండి, మనకు గాలి పొడిగా ఉండే రోజు చూసుకోండి. ముందు పాత సర్ఫు పోవాలి. స్ప్రే బాటిల్‌లో ఉత్త నీళ్ళు పోసి మరక మీద పదిహేను ఇరవై సార్లు కొట్టండి, అంతకంటే వద్దు. పాత టవల్‌ను నాలుగు మడతలు పెట్టి దాని మీద మడమతో ఎక్కి తొక్కండి. రుద్దొద్దు. రుద్దితే పక్కకు పాకుతుంది, తొక్కితే టవల్‌లోకి వస్తుంది. పొడి మడత మార్చుకుంటూ నాలుగైదు సార్లు తొక్కండి.

దీనికి బోరు నీళ్ళు వాడకండి. కర్నూలైనా అనంతపురమైనా చాలా కాలనీల్లో బోరు నీళ్ళు ఉప్పన, నురగే రాదు. అవి ఆరాక మరక చుట్టూ తెల్లగా వలయం కడుతుంది. జనం దాన్ని మళ్ళీ మరక అనుకొని మళ్ళీ నీళ్ళు పోస్తారు. క్యాన్ నీళ్ళు అర లీటరు చాలు.

తర్వాతిది ఎంజైమ్ క్లీనర్. కుక్కలు, పిల్లుల సామాన్లు అమ్మే షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. యూరిక్ ఆమ్లాన్ని విరగ్గొడుతుందని సీసా మీద రాసి ఉన్నది తీసుకోండి. బట్టల సర్ఫులో ఉండే ఎంజైములు రక్తానికి, పాల వాంతికి పనికొస్తాయి, దీనికి కాదు. ఉచ్చ ఎంత లోతుకు దిగిందో క్లీనర్ కూడా అంత లోతుకు దిగాలి. మరక అంచు దాటి రెండంగుళాల దాకా తడిపి, పైన పాలిథిన్ కాగితం కప్పి ఆరేడు గంటలు వదిలేయండి. అందరూ ఇక్కడే తొందరపడతారు. పది నిమిషాలకే తుడిచేసి పని చేయలేదంటారు. అది తడిగా ఉన్నంతసేపే పని చేస్తుంది. దీనికి ముందు వెనిగర్, పెరాక్సైడ్, డెట్టాల్ ఏదీ వేయకూడదు, వేస్తే ఎంజైములు చచ్చిపోతాయి. పాలిథిన్ తీశాక టవల్‌తో తొక్కి, రాత్రంతా ఫ్యాను కింద నిలబెట్టండి.

ఎంజైమ్ దొరక్కపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల షాపులో అడిగితే మామూలుగా ఇచ్చేది ఇరవై వాల్యూమ్ సీసా, అంటే 6 శాతం. ఇంటర్నెట్‌లో చెప్పే పాళ్ళు చాలావరకు 3 శాతానికి రాసినవి. కాబట్టి 100 మి.లీ. పెరాక్సైడ్‌కు 100 మి.లీ. నీళ్ళు కలపండి. అందులో రెండు టేబుల్ స్పూన్ల తినే సోడా, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు. ప్లాస్టిక్ గిన్నెలో కలిపి, చేతులకు గ్లౌజులు వేసుకొని, స్పాంజితో అద్దండి. ఆరేదాకా కదిలించకుండా ఉంచి, తర్వాత తెల్ల పొడిని బ్రష్షుతో దులపండి. మిగిలిన ద్రావణాన్ని మూత బిగించి దాచొద్దు, లోపల వాయువు పెరిగి సీసా పేలుతుంది. పారబోయండి. పెరాక్సైడ్ రంగును తినేస్తుంది కాబట్టి రంగు గలీబు మీద ఒక మూల పరీక్షించండి. మెమరీ ఫోమ్ అయితే దీనితో తడపొద్దు, పైపైన అద్దడమే.

వెనిగర్ పని వేరు. అది అప్పటికప్పుడు తడిపినదానికి మంచిది. టవల్‌తో తొక్కేశాక తెల్ల వెనిగర్, నీళ్ళు సగం సగం కలిపి స్ప్రే చేయండి, పదిహేను నిమిషాలాగి అద్దండి, పూర్తిగా ఆరాక తినే సోడా పలచగా చల్లి రాత్రంతా వదలండి. వీడియోల్లో రెండూ ఒకేసారి పోసి బుసబుస పొంగుతుంటే శుభ్రమైపోతోందని చూపిస్తారు. ఆ పొంగులో పులుపూ సోడా ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది ఉప్పు నీళ్ళే. ఇంకొకటి, కింద పరిచింది బేతంచెర్ల బండలైనా కడప నాపరాళ్ళైనా వెనిగర్ చుక్క పడనివ్వకండి. అవి సున్నపురాయి జాతివి. పులుపు తగిలినచోట పాలిష్ పోయి తెల్ల మచ్చ పడుతుంది, అది మళ్ళీ పోదు.

ఆరబెట్టడం గురించి మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఎండ. అమ్మమ్మల కాలం నుంచి పరుపంటే మిద్దె మీద ఎండ అని అలవాటు. పత్తి పరుపుకు, బూరుగు దూది పరుపుకు అది నూటికి నూరుపాళ్ళు సరైనదే: ఒక్కో వైపు మూడు గంటలు, మధ్యలో బెత్తంతో కొట్టడం. ఫోమ్‌కు, లేటెక్స్‌కు నేరుగా ఎండ తగిలితే పసుపు రంగు తిరిగి పొడి పొడిగా రాలుతుంది. వరండాలో, నీడలో, రెండు కుర్చీల మధ్య నిలువుగా నిలబెట్టి పక్క నుంచి ఫ్యాను పెట్టండి. మిద్దె మీద పెట్టాల్సి వస్తే తెల్ల దుప్పటి కప్పండి. వెల్లకిలా వేయకండి, అడుగు వైపుకు గాలి ఆడదు. మన సీమ గాలి పొడిది, ఈ ఒక్క విషయంలో కోస్తావాళ్ళ కంటే మనకు మేలు. ముసురు రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

ఆరిందో లేదో చేత్తో తడిమితే తెలియదు. మరక ఉన్నచోట మడత పెట్టని పేపరు పరిచి, దాని మీద ఐదు కిలోల బియ్యం సంచి పెట్టి పావుగంట ఆగండి. పేపరు మెత్తబడినా, ముడతలు పడినా లోపల ఇంకా తడి ఉన్నట్టే. అలాంటప్పుడు మంచం మీద వేయొద్దు. ఆ మంచం కూడా ప్లైవుడ్ పెట్టె మంచమైతే పలకకు జానెడుకొకటి చొప్పున అంగుళం రంధ్రాలు పెట్టించండి. నులక మంచం, నవారు మంచం మీద వేసిన పరుపులు కంపు కొట్టకపోవడానికి కింది నుంచి ఆడే గాలే కారణం. ఇప్పుడు ఇళ్ళలో ఆ గాలి ఆడే మంచం లేకుండా చేసుకున్నాం. పైగా కొత్త పరుపుతో వచ్చిన పాలిథిన్ కవరు కూడా తీయకుండా పడుకుంటున్నారు. కవరు పరుపును కాపాడదు, ఒంటి చెమటను లోపలే ఉంచుతుంది.

మిగిలిన మరకలు క్లుప్తంగా. రక్తానికి చల్లనీళ్ళే. వేడి నీళ్ళు తగిలితే ఉడికిన గుడ్డులా గట్టిపడి పోగులకు అంటుకుపోతుంది. తర్వాత 3 శాతం పెరాక్సైడ్ చుక్కలు వేసి, నురగ వచ్చినప్పుడల్లా అద్దండి. ఆముదం, తలనూనె మరకకు టాల్కం పౌడర్ అరగంట ఉంచి దులిపి, గిన్నెల లిక్విడ్‌ను కొంచెం నీళ్ళలో గిలక్కొట్టి నురగ మాత్రమే తీసుకొని రాయండి. పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రబడుతుంది, భయపడకండి. పసుపు రంగు క్షారానికి అట్లా మారుతుంది. దాన్ని తీసేది ఎండే. రెండు రోజులు మరక ఉన్నచోట మాత్రం ఎండ తగలనిచ్చి మిగతా పరుపు కప్పి ఉంచండి. టీ మరకకు పైన చెప్పిన సగం సగం వెనిగర్ చాలు. స్ప్రింగు పరుపు లోపల్నుంచి నారింజ రంగు మరక పైకి వస్తే అది తుప్పు, తుడవడం దండగ.

వరద నీళ్ళలో మునిగిన పరుపు ఏ రకమైనా వద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలులోకి వచ్చినట్టు వస్తే అందులో మురుగు కూడా కలుస్తుంది. ఖరీదు చూసి ఎండబెట్టుకొని వాడకండి.

అడుగున కూడా వాసన ఉంటే ఏం చేయాలన్నది మిగిలింది. నల్ల బూజు కనిపిస్తే మొత్తం తీసేయాల్సిందే. బూజు లేకుండా ఒకచోటే వాసన ఉంటే, ఆ ముక్కను కోసేయండి. మార్కర్‌తో మరకకు మూడంగుళాలు అవతలగా చదరం గీసి, పొడుగాటి పదునైన కత్తితో నిలువుగా అడుగుదాకా కోసి తీయండి. ఆ ముక్కను తీసుకొని సోఫా పనివాళ్ళ దగ్గరకు వెళ్తే అదే మందం, అదే డెన్సిటీ ఫోమ్ కోసిస్తారు. 32 డెన్సిటీ తీసినచోట 40 పెడితే నడుం కింద గడ్డలా తగులుతుంది, అది చూసుకోండి. వాళ్ళు వాడే గమ్ అంచులకు మాత్రమే పూసి, బిగించి, ఒకరోజు ఘాటు పోనిచ్చి గలీబు తొడగండి.

పత్తి పరుపయితే ఈ బాధే లేదు. కుట్లు విప్పి, తడిసిన దూది గుప్పెళ్ళు పారేసి, గలీబు ఉతికి, మిగతాది ఎండబెట్టి ఏకించి మళ్ళీ నింపొచ్చు. మన జిల్లాల్లో దూదేకుల వాళ్ళు తరతరాలుగా చేసిన పని అది, ఇప్పటికీ చేసేవాళ్ళున్నారు. చిన్నపిల్లలున్న ఇంట్లో అలాంటి పరుపే కొనాలని గట్టిగా చెప్తాను. పదేళ్ళ గ్యారంటీ కార్డులో మరకలకు, తడికి గ్యారంటీ ఉండదు, చదివి చూడండి.

బాబును మాత్రం తిట్టకండి. మూడేళ్ళకు రాత్రి తడపడం మామూలే. పైన నూలు, కింద నీళ్ళు దిగని పొర ఉన్న ప్రొటెక్టర్ రెండు కొనుక్కోండి, ఒకటి ఉతుకులో ఉంటే ఇంకొకటి పరుపు మీద ఉంటుంది. మొదట అడుగు వైపు వాసన చూసి, పరుపు మందమెంతో, మరక ఎంత వెడల్పుందో ఇక్కడే రాయండి.