థాంక్స్‌గివింగ్ భోజనానికి పిలిచారు, వెళ్లాలా?

సందేహం: ఆగస్టులో అమెరికాలోని ఒహాయో వచ్చాం. మావారి ఆఫీసులో ఒకాయన థాంక్స్‌గివింగ్ రోజు మమ్మల్ని పిల్లలతో సహా భోజనానికి రమ్మన్నారు. మేం శాకాహారులం. అక్కడ ఏం తింటామో, ఎలా మసలుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఏదో ఒక కారణం చెప్పి మానేస్తే బాగుంటుందా?

జవాబు: మానకండమ్మా, వెళ్లండి. నవంబరు నాలుగో గురువారం ఇక్కడివాళ్లకు మన సంక్రాంతి లాంటిది. ఎక్కడెక్కడో ఉన్న పిల్లలు కన్నవాళ్ల దగ్గరికి చేరే రోజు. అలాంటి పంక్తిలో మీకూ చోటు వేస్తున్నారంటే అది మొహమాటపు పిలుపు కాదు.

నేను 1999లో చదువుకోవడానికి వచ్చాను. ఆ వారం క్యాంపస్ అంతా ఖాళీ. నాతో ఉండే అమ్మాయిలిద్దరూ చుట్టాల ఊళ్లకు వెళ్లిపోయారు. గురువారం బస్సులు లేవు, కొట్లు లేవు. మా డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఒక పెద్దావిడ తనే కారు వేసుకొచ్చి నన్ను వాళ్లింటికి తీసుకెళ్లారు. చింతపండు దొరక్క నిమ్మకాయ పులిహోర కలిపి తీసుకెళ్లాను. ఎనభై దాటిన వాళ్లమ్మగారు అడిగి మరీ రెండోసారి వడ్డించుకున్నారు. ఇంటికి వచ్చి అమ్మకు ఫోన్‌లో మొదట చెప్పింది ఆ సంగతే.

ఇక తిండి సంగతి. శాకాహారులమని వారం ముందే చెప్పండి. అక్కడికి వెళ్లాక చెబితే వంట చేసినావిడ నొచ్చుకుంటారు. చెప్పినా కూడా కొన్ని గమనించుకోవాలి. బ్రెడ్ ముక్కలతో చేసే స్టఫింగ్‌లో చాలామంది కోడి రసం పోస్తారు, కొందరు సాసేజ్ కూడా కలుపుతారు. గ్రేవీ ఆ రోజు కాల్చే టర్కీ కోడి నుంచి కారిన రసంతోనే చేస్తారు. చిలగడదుంపల మీద వేసి కాల్చే మార్ష్‌మాలోస్ అనే మెత్తటి మిఠాయిలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. వాళ్ల లెక్కలో ఇవి మాంసం కావు కాబట్టి, 'ఇది వెజిటేరియనే' అని మంచి మనసుతోనే చెబుతారు. ఏమేం వేశారో అడిగితే తప్పుగా అనుకోరు. మెత్తగా మెదిపిన బంగాళాదుంప, మొక్కజొన్న, క్రాన్‌బెర్రీ సాస్, బ్రెడ్ రోల్స్ మామూలుగా మనకు పనికొస్తాయి. బంగాళాదుంపలో కోడి రసం పోయలేదు కదా అని మాత్రం ఒక మాట అడగండి. గుమ్మడికాయతో చేసే 'పై' అనే తీపి వంటకంలో గుడ్లు ఉంటాయి. మీ వంతుగా పులిహోరో, కారం తగ్గించి కూరగాయల పలావో ఎక్కువగా చేసి పట్టుకెళ్లండి. పిల్లలకు దిగులుండదు.

ఇంకోటి, ఇక్కడ కొసరి కొసరి వడ్డించరు. మొదటిసారి మర్యాదకు వద్దన్నారనుకోండి, నిజంగానే వద్దనుకుంటారు. కావాలంటే కావాలనండి. రెండింటికి రమ్మంటే రెండింటికే వెళ్లండి. చాలా ఇళ్లలో పెద్ద భోజనం మధ్యాహ్నమే. వైన్ ఇస్తే 'నో, థాంక్యూ' చాలు, కారణాలు అక్కర్లేదు. ప్రార్థన చేస్తూ చేతులు పట్టుకుంటే మీరూ పట్టుకుని మౌనంగా ఉండండి.

కొన్ని ఇళ్లలో ఒక్కొక్కరూ ఆ ఏడాది ఎవరికి కృతజ్ఞతగా ఉన్నారో చెబుతారు. నోటితో థాంక్స్ చెప్పడం మన ఇళ్లలో అలవాటు లేదు కదా, అమ్మకు చెబితే 'నాకెందుకే' అంటుంది. ఆ పెద్దావిడ ఇంట్లో ఆ రోజు నాకు మాట పెగల్లేదు. చివరికి, ప్రతి శనివారం నన్ను సరుకులకు తీసుకెళ్లిన సీనియర్ పేరు చెప్పాను. మీరూ ఒకరిని తలుచుకుని వెళ్లండి.

పిల్లలు బడిలో ఈ పండగ కథ వినే ఉంటారు. 1620లో ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో, ఇప్పటి మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌కు వచ్చినవాళ్లలో దాదాపు సగం మంది మొదటి చలికాలంలోనే చనిపోయారు. మిగిలినవాళ్లకు మొక్కజొన్న వేయడం నేర్పింది అక్కడి ఆదివాసీ అయిన టిస్క్వాంటం. 1621లో పంట చేతికొచ్చాక మూడు రోజులు విందు చేసుకున్నారు. అక్కడి ఆదివాసీ తెగ వాంపనోగ్‌ల నాయకుడు మాససోయిట్ తొంభైమందితో వచ్చాడు, ఆయన మనుషులు ఐదు జింకలను వేటాడి తెచ్చారు. అంతర్యుద్ధం సాగుతుండగా 1863లో అధ్యక్షుడు లింకన్ దీన్ని దేశమంతా జరుపుకోవాలని ప్రకటించాడు. నాలుగో గురువారమని చట్టం చేసింది 1941లో. పిల్లలకు రెండో సగం కూడా చెప్పండి. తర్వాతి కాలంలో ఆ ఆదివాసీలు తమ నేలను, ఎందరో మనుషులను పోగొట్టుకున్నారు. అందుకే 1970 నుంచి ప్లిమత్‌లో ఆదివాసీలు అదే గురువారాన్ని సంతాప దినంగా పాటిస్తున్నారు. అది తెలిసి పంక్తిలో కూర్చుంటే అన్నానికి విలువ పెరుగుతుందని నా నమ్మకం.

ఇప్పుడు మా ఇంట్లోనే ఇరవైమంది దాకా అవుతాం. ఊళ్లో కొత్తగా చేరిన విద్యార్థులను తప్పకుండా పిలుస్తాను. మావారూ నేనూ తినం గానీ, అబ్బాయి టర్కీకి అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా పట్టించి ఓవెన్‌లో పెడతాడు. గడ్డకట్టిన పదిహేను పౌన్ల పక్షి ఫ్రిజ్‌లో కరగడానికే మూడు నాలుగు రోజులు కావాలి, ఆదివారమే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెడతాం. ఆ పక్కనే గుత్తివంకాయ, గుమ్మడికాయ దప్పళం. నన్ను పిలిచిన పెద్దావిడ ఇప్పుడు లేరు. వాళ్లమ్మాయి ఏటా 'పై' చేసి పట్టుకుని వస్తుంది, దప్పళం డబ్బాలో పెట్టించుకుని వెళుతుంది.

మీరు ఇవాళే ఫోన్ చేసి వస్తున్నామని చెప్పండి. ఏం తెమ్మంటారో అడగండి. ఖాళీ డబ్బా ఒకటి కారులో పెట్టుకోండి, మిగిలినవి ఇంటికి కట్టిస్తారు.