ప్రార్థన చేస్తే రోగం తగ్గుతుందా?

ప్రార్థన ఒక్కదానితో రోగం నయమవుతుందని రుజువు కాలేదు గానీ, రోగి తన భయాన్ని, ఒంటరితనాన్ని తట్టుకోవడానికి అది బాగా పనికొస్తుంది. భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండెదడ, బీపీ ఎక్కువవుతాయి. కళ్లు మూసుకుని నెమ్మదిగా నామం చెప్పుకున్నా, తస్బీహ్ (ముస్లింల జపమాల) తిప్పినా ఊపిరి నెమ్మదించి టెన్షన్ దిగుతుంది. ఇందులో ఏ మతమైనా ఒకటే. ఇతరులు మన కోసం చేసే ప్రార్థన సంగతి వేరు. అమెరికాలో 1,800 మందికి పైగా గుండె బైపాస్ రోగుల మీద జరిపి 2006లో ప్రకటించిన పరిశీలనలో, దానివల్ల ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులేమీ తగ్గలేదు.

నెల్లూరు రొట్టెల పండుగే చూడండి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్ల చేతి నుంచి ఆరోగ్య రొట్టె అందుకుంటారు. డయాలసిస్‌కు వెళ్లే మనిషికి ఆ రొట్టె ధైర్యమిస్తుంది, అది చిన్న విషయమేం కాదు. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్‌ను మాత్రం తగ్గించదు. పండుగ మర్నాడు కూడా డయాలసిస్‌కు వెళ్లాల్సిందే.

చాలామంది పొరబడేది ఇక్కడే. మొక్కుకున్నాం గదా అని మందులు ఆపేస్తారు. ఇన్సులిన్ మీదే బతికే టైప్ 1 షుగర్ రోగి అది మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ దగ్గర దేవుడి మాట ఎత్తకూడదనుకోవడమూ తప్పే. ఉపవాసమో, రోజానో ఉంటే ముందే చెప్పండి, మాత్రల మోతాదు, వేళలు అవసరాన్ని బట్టి మారుస్తారు.