ముందు ఆకుకూర, చివర గుమ్మడికాయ

ప్రశ్న: నేను బ్యాంకులో పనిచేస్తాను. ఉదయం ఎనిమిదింటికి బయల్దేరితే రాత్రి ఏడున్నరకు ఇల్లు చేరతాను. ఆదివారం కూర్చుని వారమంతటికీ వంటల పట్టీ రాసుకుంటున్నాను. బుధవారానికల్లా అది తప్పిపోతోంది. గురువారం నుంచి బయటి భోజనమే. ఏం చేయాలి?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: ఉపాధ్యాయురాలిగా ఇరవై రెండేళ్లు ఏడు గంటల బస్సు పట్టుకున్నదాన్ని, మీ అలసట నాకు తెలుసమ్మా. పట్టీలో వంటల పేర్లు రాయకండి, కూరగాయల పేర్లు రాయండి. బుధవారం గోంగూర పప్పు అనుకుంటారు. ఆదివారం తెచ్చిన గోంగూర అప్పటిదాకా ఆగదు. ఏది ముందు వాడిపోతుందో అదే ముందు వండాలి. గోంగూర, పాలకూర, తోటకూర సోమ, మంగళవారాల్లో అయిపోవాలి. తర్వాత బెండ, బీర, వంకాయ. గుమ్మడి, చేమ, బంగాళాదుంప వారం చివరిదాకా ఓపిక పడతాయి. రైతుబజారులో సంచి నింపేటప్పుడే ఈ వరుస మనసులో ఉంచుకోండి.

ఆకుకూర కడిగి దాచకండి. వేళ్లు కోసేసి, పాత నూలుచీర ముక్కలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. చెమ్మంతా గుడ్డ పీల్చుకుంటుంది, ఆకు కుళ్లదు.

కందిపప్పు రెండు పూటలకు ఒకేసారి ఉడికించండి. ఉప్పు, పులుపు వేయకముందే సగం తీసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ రోజు తోటకూర పప్పు, మర్నాడు పప్పుచారు.

గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ చొప్పున పిండి కలిపితే మొదటి రెండు రోజులు ఇడ్లీ వస్తుంది. మూడో రోజుకు కాస్త పులుస్తుంది కదా, దిబ్బరొట్టెకు అదే రుచి. మందపాటి మూకుట్లో నూనె వేసి, పిండి పోసి, మూతపెట్టి సన్నని సెగమీద వదిలేయండి. మీరు స్నానం చేసి వచ్చేసరికి అడుగు ఎర్రగా కాలి, అంచులు మూకుడును వదులుతాయి. తిరగేసి మరో ఐదు నిమిషాలు ఉంచితే చాలు.

గురువారం మీకు ఓపిక తగ్గే రోజు. ఆ రోజుకు కూర పెట్టుకోవద్దు. పావుకిలో చింతపండు గుజ్జు తీసి, పసుపు, ఉప్పు, ఎండుమిర్చి, నూనె వేసి, నూనె పైకి తేలేదాకా దగ్గరగా ఉడికించి సీసాకెత్తి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. అన్నం వండి, ఆ గుజ్జు, ఇంగువ పోపు కలిపితే పులిహోర సిద్ధం.

ఇంట్లో ఎవరెవరున్నారో మీరు రాయలేదు. ఎవరున్నా సరే, ఆదివారం సాయంత్రం గోంగూర ఒలిచే పని వాళ్లకు అప్పగించండి. మా ఇంట్లో అది మావారి పని. రేడియోలో వార్తలు వింటూ రెండు కట్టలు ఒలిచేవారు.