రాత్రి వైఫై నెమ్మదిస్తే ముందు ఇది చూడండి

పగలు బాగుండి, రాత్రి ఎనిమిది దాటితే వైఫై కదలట్లేదా? అదే సమయంలో లాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కి కలిపి స్పీడ్ చూడండి. అప్పుడూ నెమ్మదిగానే ఉంటే లోపం కనెక్షన్‌ది, ఫిర్యాదు చేయండి. కేబుల్‌లో బాగుంటే మాత్రం ఇది చాలావరకు పక్క ఫ్లాట్ల రౌటర్ల రద్దీ.

వైఫై వాడే రేడియో బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు (సిగ్నల్ నడిచే దారులు) మూడే: 1, 6, 11. చుట్టుపక్కల రౌటర్లు ఏ ఛానల్‌లో ఉన్నాయో చూపే వైఫై ఎనలైజర్ యాప్‌లో చూసి, వాటిలో రద్దీ తక్కువున్నది రౌటర్ సెట్టింగ్స్‌లో పెట్టండి. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జే ఉంచండి. 3, 4 ఛానళ్లు ఖాళీగా కనిపించినా వద్దు, 1, 6 రెండు వైపుల గోలా తగులుతుంది.

అసలు మందు రెండో బ్యాండ్, 5 గిగాహెర్ట్జ్. గోడలు దాటి ఎక్కువ దూరం పోదు కాబట్టి పక్కింటి సిగ్నల్ కూడా మన దాకా పెద్దగా రాదు. మన సిగ్నల్‌కూ గోడలు అడ్డే కాబట్టి రౌటర్‌ను అడ్డు లేని చోట పెట్టండి. నా రౌటర్ టీవీ వెనక ఇరుక్కుని ఉండేది; అల్మరా పైకి ఎక్కించాక పడగ్గదిలో వీడియో కాల్ మధ్యలో ఆగడం లేదు.