సజ్జ మీది రేకుడబ్బా, ఫ్రెడ్డీ ఆల్బమూ

బిడ్డా,

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు నవ్వు ఆగడం లేదు. నేను స్టాంపుల సంగతి ఎత్తితే ఆవులించేదానివి. మీ క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీకి ఆ పిచ్చి ఉండేదని తెలియగానే ‘తాతా, నాకూ నేర్పు’ అంటున్నావు. పోనీలే, ఎవరి పుణ్యమో!

ఆయన స్టాంపుల ఆల్బమ్ గురించి నేనూ చదివాను. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ పిల్లవాడు, మన దగ్గర, మహారాష్ట్రలోని పంచగని హాస్టల్లో చదువుకున్నాడు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్య పోగేసినవే ఆ స్టాంపులు. వాళ్ళ నాన్నకూ అదే అలవాటు. ఫ్రెడ్డీ పోయాక, 1993లో, వేలంలో లండన్ పోస్టల్ మ్యూజియం దాన్ని కొనుక్కుంది. నాలాంటి వాడైతే దేశం, సంవత్సరం చూసుకొని వరుస కడతాడు. ఆ పిల్లవాడు పేజీలో ఎడమకూ కుడికీ జత కుదిరేలా, ముగ్గు వేసినట్టు అమర్చాడు. నువ్వూ నీకు నచ్చినట్టే పెట్టుకో. బీటిల్స్ బ్యాండ్ జాన్ లెనన్ తన స్టాంపుల ఆల్బమ్‌లో విక్టోరియా రాణి బొమ్మకు గడ్డం, మీసం గీశాడు. అంత వద్దులే.

కొనడానికి పరుగెత్తకు. మన సజ్జ మీద రేకుడబ్బా ఉంది. మీ ముత్తాత మగ్గం వదిలి భివండి పోయి, అక్కడి నుంచి నల్లగొండకు రాసిన ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయి. నిజాం కాలపు కవర్లు కూడా రెండు మూడు ఉన్నాయి. హైదరాబాద్ సంస్థానానికి 1869 నుంచే సొంత స్టాంపులుండేవి. ఆ పాత కవర్ల మీది స్టాంపులు మాత్రం ఊడదీయకు. ఊరి పేరు, తేదీ ఉన్న ముద్రతో కవరు మొత్తంగా ఉంటేనే దానికి విలువ.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. నీ వయసులో అలాంటి కవరు ఒకటి నీళ్ళ గిన్నెలో వేశాను. ఊదా సిరా మొత్తం కరిగి, స్టాంపు వంకాయ రంగుకు తిరిగింది. మా నాయన కొట్టలేదు, తిట్టలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మామూలు కవర్లయితే స్టాంపు చుట్టూ వేలెడు కాగితం వదిలి కత్తిరించు. గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాలు, బొమ్మ పైకి ఉండేలా తేలనివ్వు. దానంతటదే జారి వస్తుంది. లాగావో, పలచబడుతుంది. బ్లాటింగ్ పేపర్ మీద బోర్లా ఆరబెట్టి, పైన లావుపాటి పుస్తకం పెట్టు. చేత్తో ముట్టకు, చివర చదునుగా ఉండే పట్టకారు కొనుక్కో. కనుబొమలు పీకేది పనికిరాదు, గుచ్చుకుంటుంది. గమ్ముతో అంటించడం మహాపాపం. మీ నాన్న చిన్నప్పుడు నా స్టాంపులు సగం అన్నం మెతుకులతో అంటించాడు, అడుగు.

కొత్తవి కావాలంటే హైదరాబాద్ అబిడ్స్ జీపీఓలో ఫిలాటెలీ కౌంటర్ ఉంది, ఫిలాటెలీ అంటే మన స్టాంపుల సేకరణే. నీ పేరున డిపాజిట్ అకౌంట్ తెరిపిస్తాను, అందులో డబ్బు వేసి ఉంచితే కొత్త స్టాంపులు ఇంటికే పంపుతారు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వాళ్ళకు పోస్టల్ డిపార్ట్‌మెంట్ స్పర్శ్ స్కాలర్‌షిప్ ఏడాదికి ఆరు వేలు ఇస్తుంది. దాని పరీక్ష రాయాలంటే స్కూల్లో ఫిలాటెలీ క్లబ్బైనా ఉండాలి, నీకీ అకౌంటైనా ఉండాలి. ఆ మాట ముందు మీ అమ్మకు చెప్పు, ఇంట్లో గొడవ ఉండదు.

దసరాకు వస్తావుగా, డబ్బా అప్పుడు దించుదాం. నేను నిచ్చెన ఎక్కితే మీ నానమ్మ ఊరుకోదు.

మీ తాత