నెట్టింటి సందేహాలు: ఐపీ అడ్రస్ దాచుకోవాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు పట్టాభిపురం. మా వారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. లావాదేవీలన్నీ ఫోన్లోనే. మా అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం. "అమ్మా, మన ఐపీ అడ్రస్ అందరికీ కనిపిస్తోంది. దాన్ని పట్టుకుని ఇంటికొచ్చేస్తారు, అకౌంట్ ఖాళీ చేసేస్తారు" అని ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఏదో ఫ్రీ వీపీఎన్ వేశాడు. అప్పటి నుంచి బ్యాంకు యాప్ ఒక్కోసారి తెరుచుకోవడం లేదు. మా వారు చిరాకు పడుతున్నారు. మాలాంటి మామూలు వాళ్లు నిజంగా ఐపీ అడ్రస్ దాచుకోవాలా?
— ఒక గృహిణి, గుంటూరు

జవాబు: అక్కర్లేదమ్మా. ఆ ఫ్రీ వీపీఎన్‌ని మాత్రం ఈ రోజే అందరి ఫోన్లలోంచీ తీసేయించండి. వీపీఎన్ అంటే మీ నెట్ వాడకాన్ని ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా మళ్లించి, మీ ఐపీ అడ్రస్ బదులు దాని అడ్రస్ చూపించే యాప్. మీ అబ్బాయికి ఇంటి మీదున్న శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. అతన్నీ పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

మీరు ఏ సైటు తెరిచినా అవతలి కంప్యూటర్ మీకు జవాబు పంపాలంటే ఒక చిరునామా కావాలి. అదే ఐపీ అడ్రస్. అది లేకుండా నెట్ నడవదు. కాబట్టి మీరు తెరిచిన సైట్లకు, వాడే యాప్‌లకు అది కనిపిస్తుందన్న మాట నిజమే. దాన్ని పట్టుకుని ఇంటికొచ్చేస్తారన్నదే నిజం కాదు.

వీపీఎన్ తీసేశాక ఇంట్లోనే చూసుకోండి. ఐపీ అడ్రస్ చూపించే సైటు ఏదైనా తెరిచి, ఒకసారి వైఫై మీద, ఒకసారి మొబైల్ డేటా మీద ఏ ఊరి పేరు వస్తోందో గమనించండి. విజయవాడ గవర్నర్‌పేటలో మా షాపులో కూర్చుని చూస్తే మొబైల్ డేటా మీద నాకు హైదరాబాద్ అని వస్తుంది, ఒక్కోసారి చెన్నై అంటుంది. ఆ సైట్లకు మీ ఇల్లు తెలియదు. మీ నెట్ కంపెనీ ఆ నంబర్లను ఏ ఊళ్లో వాడుతోందో ఒక అంచనా వేసి చెబుతాయంతే. ఆ అంచనా ఎంత ఘోరంగా తప్పుతుందో అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒక పొలం యజమానులకు బాగా తెలుసు. మ్యాక్స్‌మైండ్ అనే కంపెనీ, అమెరికాలోనే ఉందని తప్ప ఇంకేమీ తెలియని ఐపీ అడ్రస్‌లన్నింటికీ దేశం నడిమధ్యన ఉన్న ఒక చోటుని గుర్తుగా పెట్టింది. అది కాస్తా వాళ్ల పొలంలో పడింది. అలా దాదాపు 60 కోట్ల అడ్రస్‌లు ఆ ఇంటి మీదికే చేరాయి. ఎక్కడెక్కడి మోసాలకో ఆ ఇంటి తలుపు తట్టేవాళ్లు, పోలీసులతో సహా. 2016లో విషయం బయటపడ్డాక కంపెనీ ఆ గుర్తుని ఒక చెరువు మధ్యకు మార్చింది.

ఇంకో సంగతి. పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు మొత్తం కలిపినా 430 కోట్లే. ప్రపంచం మొత్తానికి పంచడానికి మిగిలిన చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. అందుకని నెట్ కంపెనీలు ఒకే అడ్రస్‌ని ఎన్నో కనెక్షన్లకు కలిపి వాడుతున్నాయి. పెద్ద అపార్ట్‌మెంటుకు ఒకే గేటు ఉన్నట్టు. బయటివాడికి గేటు కనిపిస్తుంది గానీ ఏ ఫ్లాటో తెలియదు. మీ రౌటర్ పేజీలో స్టేటస్ దగ్గర ఇంటర్నెట్ ఐపీ అనో వాన్ ఐపీ అనో ఉంటుంది. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీ ఇల్లు కూడా ఆ ఉమ్మడి అడ్రస్‌లోదే. కొత్త పద్ధతి ఐపీవీ6లో ఈ కొరత లేదు. మీ కనెక్షన్‌కి విడిగా నంబర్లుంటాయి. అయితే ఫోన్లు ఆ నంబరులో చివరి సగాన్ని తమంతట తామే తరచూ మారుస్తుంటాయి. ఏ పద్ధతైనా సరే, ఆ నంబరు వెనక మీ పేరు, డోర్ నంబర్ తెలిసేది మీ నెట్ కంపెనీకే. వాళ్ల దగ్గర్నుంచి ఆ వివరాలు తీసుకునేది పోలీసులు, ఇతర ప్రభుత్వ సంస్థలు, అదీ చట్టప్రకారం అడిగి. అలా ఇచ్చినప్పుడూ తప్పులు జరుగుతాయి. 2007లో ఒక నెట్ కంపెనీ ఐపీ అడ్రస్ వివరాలు తప్పుగా ఇచ్చినందుకు, ఏ పాపం తెలియని ఒక బెంగళూరు ఐటీ ఉద్యోగి 50 రోజులు జైల్లో మగ్గాడు. ఐపీ అడ్రస్ దొరికితే మనిషి దొరికినట్టేనని ఎవరైనా అంటే నాకు ఆ ఉద్యోగే గుర్తొస్తాడు.

ఇక డబ్బు సంగతి. ఐపీ అడ్రస్ ఒక్కటీ తెలిస్తే అకౌంట్లోంచి పైసా తీయలేరమ్మా. యూపీఐ పిన్ కావాలి, ఓటీపీ కావాలి, లేదా మీ ఫోనే మోసగాడి చేతికి చిక్కాలి. ఫోన్ ఎలా చిక్కుతుందో మా షాపు బల్ల మీదికి వచ్చే ఫోన్లలో చూస్తూనే ఉంటాను. పెళ్లి శుభలేఖ అని, ఆర్టీవో చలానా అని వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది, అంటే అది ఫొటో కాదు, యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేయగానే ఎస్సెమ్మెస్‌లు చదవడానికి పర్మిషన్ అడుగుతుంది. ఆలోచించకుండా 'అలో' నొక్కేస్తారు. ఆ తర్వాత ఓటీపీలు ఇక్కడ మోగి అక్కడ తెరుచుకుంటాయి. పగలల్లా బేరాలతో గడిపి రాత్రికి ఫోన్ చూసుకునే మీ వారిలాంటి వ్యాపారులకే ఇలాంటివి ఎక్కువగా తగులుతున్నాయని నా అనుమానం. వీపీఎన్ ఉన్నా ఇదేదీ ఆగదు. మీ అబ్బాయిని ఈ ఆదివారం నాన్నగారి ఫోన్లో ఒక్క పని చేయమనండి. సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి ఎస్సెమ్మెస్, లొకేషన్ ఏయే యాప్‌లకు ఇచ్చారో చూసి, అక్కర్లేనివి తీసేయమనండి. లొకేషన్ పర్మిషన్ ఉన్న యాప్‌కి మీరు ఏ వీధిలో ఉన్నారో కొద్ది మీటర్ల తేడాతో తెలుస్తుంది. ఐపీ అడ్రస్ దాచి దాన్ని వదిలేస్తే ఏం లాభం?

ఫ్రీ వీపీఎన్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. వీపీఎన్ వేశాక మీరు ఏయే సైట్లకు వెళ్తున్నారో మీ నెట్ కంపెనీకి కనిపించదు, కానీ వీపీఎన్ కంపెనీకి కనిపిస్తుంది. అంటే నమ్మకాన్ని ఒకరి నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. ఆ ఇంకొకరు ఎవరు? ఏ దేశం? జీతాలు ఎక్కడి నుంచి ఇస్తున్నారు? ఫేస్‌బుక్ 2013లో ఒనావో అనే కంపెనీని కొన్నది. దాని వీపీఎన్ యాప్ 'మీ డేటాకు రక్షణ' అని చెప్పుకుంటూనే జనం ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో ఫేస్‌బుక్‌కి చేరవేసింది. ఆ వ్యవహారంలో 2023లో ఆస్ట్రేలియా కోర్టు ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకి చెందిన అనుబంధ సంస్థలు రెండింటికి కలిపి 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. 2024 మేలో బయటపడింది ఇంకా దారుణం. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్ లాంటి ఫ్రీ యాప్‌లు వేసుకున్నవాళ్ల కంప్యూటర్లను '911 ఎస్5' అనే ముఠా తన గుప్పిట్లోకి తీసుకుని, వాళ్ల ఐపీ అడ్రస్‌లను నేరగాళ్లకు అద్దెకిచ్చింది. ఒక కోటీ 90 లక్షల అడ్రస్‌లని అమెరికా న్యాయశాఖ తేల్చింది. అడ్రస్ దాచుకుందామని యాప్ వేసుకున్నారు. చివరికి ఎవడో చేసిన మోసానికి వాళ్ల అడ్రసే సాక్ష్యంగా మిగిలింది. ఈ ఒక్క కారణం చాలు నాకు.

మీ బ్యాంకు యాప్ మొరాయించడానికి కారణం కూడా అదే అయ్యుంటుంది. వీపీఎన్ వల్ల మీరు ఏ సింగపూర్ నుంచో, నెదర్లాండ్స్ నుంచో లాగిన్ అవుతున్నట్టు కనిపిస్తే బ్యాంకు అనుమానించి ఆపుతుంది. అలా ఆపడమే మీకు మంచిది.

ప్రశ్న: వీపీఎన్ వాడటం నేరమా సార్? ఎవరికి అవసరం?
— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: నేరం కాదు బాబూ. దాన్ని అడ్డం పెట్టుకుని చేసే నేరం నేరమే. వీపీఎన్ కంపెనీలు వాడకందార్ల వివరాలు అయిదేళ్లు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. దాంతో కొన్ని పెద్ద కంపెనీలు మన దేశంలోని సర్వర్లు ఎత్తేశాయి. ఆఫీసు పని ఇంటి నుంచి చేసేవాళ్లకు కంపెనీయే వీపీఎన్ ఇస్తుంది. విలేకరులకు, తమకు సమాచారం ఇచ్చినవాళ్లను కాపాడాల్సినవాళ్లకు, కక్షతో వెంటపడేవాళ్లున్నవాళ్లకు అవసరం. అలాంటివాళ్లు డబ్బు కట్టి, ఎవరు నడుపుతున్నారో తెలిసిన సర్వీసే తీసుకోవాలి. రైల్వే స్టేషన్ వైఫైలో పాటలు వినడానికి అక్కర్లేదు.

ప్రశ్న: అన్నయ్యా, పటమటలో హాస్టల్లో ఉంటున్నాను. ఆన్‌లైన్ గేమ్‌లో పరిచయమైన ఒకతను, మాట్లాడటం మానేశానని బెదిరిస్తున్నాడు. ఒక లింకు పంపితే నొక్కాను. "నీ ఐపీ దొరికింది, హాస్టల్ ఎక్కడో తెలుసు" అంటున్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తల్లీ, ముందు ధైర్యంగా ఉండు. ఆ లింకు వల్ల అతనికి తెలిసేది నీ నెట్ కంపెనీ పేరు, సుమారుగా ఒక ఊరు, నీ ఫోన్ రకం. లింకు అడిగిన లొకేషన్‌కి 'అలో' నొక్కి ఉండకపోతే హాస్టల్ తెలియదు. మొబైల్ డేటాలో ఫ్లైట్ మోడ్ వేసి తీస్తే చాలాసార్లు ఆ నంబరే మారిపోతుంది. లింకు తెరిచాక ఏదైనా ఇన్‌స్టాల్ చేశావా, పాస్‌వర్డ్ కొట్టావా అన్నది గుర్తు చేసుకో. చేసి ఉంటే ఆ యాప్ తీసేసి, పాస్‌వర్డ్ మార్చు.

అతను నిజంగా హాస్టల్ పేరో, వీధి పేరో చెప్పాడా? చెబితే అది ఐపీ నుంచి వచ్చింది కాదు. నీ స్టేటస్ ఫొటోల్లో కనిపించిన బోర్డు కావచ్చు, ఉమ్మడి స్నేహితులు కావచ్చు, లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉండిపోయి ఉండవచ్చు. ఇవి ఒక్కొక్కటీ మూసెయ్. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి నీకు తెలియని కంప్యూటర్ ఉంటే లాగౌట్ కొట్టు. గూగుల్ అకౌంట్‌లోనూ డివైజ్‌లు చూడు.

నీ విషయంలో ఐపీ అడ్రస్ దాచుకోవడం సబబే. వాట్సాప్‌లో ఇద్దరే మాట్లాడుకునే కాల్స్‌లో అవతలివాడికి నీ ఐపీ తెలిసే వీలుంది. సెట్టింగ్స్, ప్రైవసీ, అడ్వాన్స్‌డ్ అని వెళ్తే కాల్స్‌లో ఐపీ అడ్రస్‌ని కాపాడే మీట ఉంటుంది. 2023లో వచ్చింది. ఆన్ చెయ్. కాల్ నాణ్యత కొంచెం తగ్గితే తగ్గనీ.

మెసేజ్‌లు ఒక్కటీ చెరపకు. తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి అమ్మకో, వార్డెన్‌కో పంపి పెట్టు. ఇష్టం లేదని చెప్పాక కూడా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. భయంగా అనిపించిన క్షణంలో 112కి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్. ఇందులో నీ తప్పు ఇసుమంత కూడా లేదు. ఇంట్లో చెప్పు.

ప్రశ్న: పోలీసు డ్రెస్సులో ఒకడు వీడియో కాల్ చేసి, నా ఐపీ అడ్రస్ నుంచి అశ్లీల వీడియోలు వెళ్లాయని, డిజిటల్ అరెస్ట్ చేస్తున్నామని అన్నాడు.
— ఒక విశ్రాంత ఉద్యోగి, సత్యనారాయణపురం

జవాబు: కాల్ కట్ చేసెయ్యండి గురువుగారూ. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లోనూ ఈ మాటే చెప్పారు. డబ్బు పంపి ఉంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే అంత డబ్బు ఆపగలుగుతారు.

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో మాకు బట్టల షాపుంది. సీసీ కెమెరాలు ఫోన్లో చూసుకోవడానికి కెమెరాల అబ్బాయి స్టాటిక్ ఐపీ తీసుకోమన్నాడు. ప్రమాదమా?
— ఒక వ్యాపారి, విజయవాడ

జవాబు: ఐపీ అడ్రస్ గురించి నిజంగా ఆలోచించాల్సింది మీరేనండీ. నేను చేసేది ఈ పనే కాబట్టి గట్టిగా చెబుతున్నాను. స్టాటిక్ ఐపీ అంటే మారని అడ్రస్. దాని మీద రౌటర్‌లో పోర్టు, అంటే బయటి నుంచి లోపలికి దారి, తెరిస్తే మీ డీవీఆర్ (కెమెరాల వీడియోలు రికార్డు చేసే పెట్టె) లాగిన్ పేజీ ప్రపంచమంతటికీ కనిపిస్తుంది. అలాంటివాటిని వెతకడానికే రాత్రింబవళ్లు తిరిగే ప్రోగ్రామ్‌లున్నాయి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు ఓ అరవై జతలు పట్టుకుని లక్షల కెమెరాలు, రౌటర్లలో దూరింది. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటితో చేసిన దాడికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు.

మీ డీవీఆర్‌లో యూజర్ నేమ్ 'అడ్మిన్', పాస్‌వర్డ్ 12345 లాంటిదే ఉండి ఉంటే ఈ రాత్రి షట్టర్ దించేలోపే మార్చండి. చూసుకోవడానికి మాత్రమే అయితే ఆ డీవీఆర్ కంపెనీ సొంత యాప్ సరిపోతుంది. స్టాటిక్ ఐపీ అక్కర్లేదు, ఆ డబ్బు మిగులుతుంది. ఆ యాప్‌కీ గట్టి పాస్‌వర్డే పెట్టాలి. రౌటర్‌లో యూపీఎన్‌పీ (పోర్టులు వాటంతటవే తెరుచుకునే సదుపాయం), రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రౌటర్ సెట్టింగ్స్ మార్చే సదుపాయం) ఆపించండి. డీవీఆర్‌కి ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో అడగండి. ట్రయల్ రూమ్ వైపు ఏ కెమెరా అయినా తిరిగి ఉంటే దాన్ని ఇప్పుడే పీకించండి. అది పాస్‌వర్డ్‌తో తీరే సంగతి కాదు.